సెకండ్ హ్యాండ్ జిప్సీ, థార్, జిమ్నీ: మీటర్ చూసి రేటు కడితే లెక్క ఎక్కడ తప్పుతుంది

క్లుప్తంగా

చిన్న ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ పవర్ పోయే) బండికి సెకండ్స్ లో రేటు మీటర్ మీద కిలోమీటర్లని బట్టి తేలదు. అదే బండి కొత్తది షోరూమ్ లో ఎంతకి, ఎంత తొందరగా దొరుకుతుందో దాన్ని బట్టి పై రేటు ఫిక్స్ అవుతుంది. బండి కింద ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి పవర్ పంచే గేరు పెట్టె), యాక్సిల్, హబ్ లు ఎలా ఉన్నాయి, సీ బుక్ (ఆర్సీ) లో ఏం రాసి ఉంది అన్నదాన్ని బట్టి అక్కడినుంచి కిందకి దిగుతుంది. ఇక అమ్మేవాళ్ళకి రేటు ఒక పదివేలు తగ్గడం కంటే పెద్ద ప్రమాదం, పేరు మారకుండా బండి చెయ్యి దాటిపోవడం.

మీటర్ ఎందుకు సరిపోదు

మామూలు హ్యాచ్‌బ్యాక్ అయితే ఏ సంవత్సరం, ఎన్ని కిలోమీటర్లు, ఎన్నో ఓనర్ అని అడిగితే రేటు దాదాపు తేలిపోతుంది. థార్ లాంటి బండికి అలా కుదరదు. హైవే మీద 40 వేలు తిరిగిన థార్ ఒకటి, 15 వేలే తిరిగినా అందులో సగం వాగుల్లో, ఇసకలో, రాళ్ళ గుట్టల మీద తిరిగిన థార్ ఇంకొకటి పక్కపక్కన పెడితే మీటర్ రెండోదే మంచిదని చెప్తుంది. ఫోర్ లో (4L, నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే గేరు) వేసి గుట్ట ఎక్కితే గంటకి రెండు మూడు కిలోమీటర్లు కూడా కదలదు, కానీ ఆ గంటలో క్లచ్ మీద, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ల మీద, డిఫరెన్షియల్ (మలుపులో చక్రాలని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) పళ్ళ మీద పడే లోడు హైవే మీద నెల్లాళ్ళు తిప్పినా పడదు.

దీనికి తోడు టైర్ల సంగతి ఒకటుంది, చాలామంది గమనించరు. కంపెనీ ఇచ్చిన టైరు తీసేసి ఎత్తు ఎక్కువ ఉన్న ఆఫ్ రోడ్ టైర్లు వేస్తే ఒక్కో చుట్టుకి బండి ఎక్కువ దూరం పోతుంది, మీటర్ మాత్రం పాత టైరు లెక్కే కడుతుంది. టైరు 10 శాతం ఎత్తు పెరిగితే 55 వేలు తిరిగిన బండి మీటర్ మీద 50 వేలే ఉంటుంది. ఇందులో ఎవరూ మీటర్ తిప్పలేదు, మోసం లేదు, అయినా అంకె తప్పే.

మూడు బళ్ళ రేట్లు మూడు రకాలుగా ఎందుకు కదిలాయి

జిప్సీ 1985 చివర్లో 970 సీసీ ఇంజిన్ తో వచ్చింది, 1996లో 1300 సీసీ కింగ్ వచ్చింది, 2000లో దానికే ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్ కి విడిగా పెట్రోల్ చిమ్మే పద్ధతి) పెట్టి 80 హార్స్ పవర్ చేశారు. 2019లో మామూలు జనానికి అమ్మకం ఆగిపోయింది, సైన్యానికి మాత్రం ఇస్తూ వచ్చారు. అంటే బయట ఉన్న జిప్సీలు ఏటా తగ్గేవే తప్ప పెరిగేవి కావు. అందుకే జిప్సీ రేటుకి తయారీ సంవత్సరంతో పెద్దగా సంబంధం ఉండదు. తుప్పు లేని, కాగితాలు క్లియర్ గా ఉన్న పాత బండి, అంతకంటే ఐదేళ్ళు కొత్తదైనా ఫ్లోర్ తినేసిన బండి కంటే ఎక్కువ పలుకుతుంది.

థార్ కథ వేరు. ఇప్పటి తరం థార్ 2020 అక్టోబర్ 2న అమ్మకానికొచ్చింది, బుకింగ్ చేసినవాళ్ళు నెలల తరబడి ఆగాల్సొచ్చింది. ఆ రోజుల్లో ఏడాది వాడిన థార్ దాదాపు కొత్త రేటుకే పోయిందంటే కొనేవాళ్ళు బండితో పాటు ఆ ఎదురుచూపు తప్పించుకున్నందుకు కూడా డబ్బులిచ్చారన్నమాట. తర్వాత 2023 జనవరిలో వెనక చక్రాల డ్రైవ్ మాత్రమే ఉన్న థార్ 9.99 లక్షల నుంచి మొదలైంది, 2024 ఆగస్టులో ఐదు డోర్ల థార్ రాక్స్ వచ్చింది, ఎదురుచూపు తగ్గింది, దానికోసం కట్టే అదనపు డబ్బూ పోయింది.

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారడంతో ఇంకో మెలిక పడింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు డీజిల్ అయిన టూ వీల్ డ్రైవ్ థార్ మీద పన్ను సెస్సుతో కలిపి 31 శాతం నుంచి 18కి దిగింది, ఇంజిన్ పెద్దదైన ఫోర్ బై ఫోర్ థార్ మీద 48 నుంచి 40కి, జిమ్నీ మీద 45 నుంచి 40కి మాత్రమే దిగింది. కొత్తవాటిలో టూ వీల్ డ్రైవ్ కి ఎక్కువ తగ్గింది కాబట్టి సెకండ్స్ లో కూడా వాటికే ఎక్కువ కోత పడాలి. డీజిల్ టూ వీల్ డ్రైవ్ థార్ ని పాత రేటు పట్టుకుని అమ్మచూపే వాళ్ళకి బేరం తెగకపోవడానికి ఇదొక కారణం.

జిమ్నీ 2023 జూన్ లో 12.74 లక్షల నుంచి 15.05 లక్షల మధ్య ఎక్స్ షోరూమ్ రేట్లతో వచ్చింది. ఆ డిసెంబర్ కల్లా థండర్ ఎడిషన్ పేరుతో మొదలు రేటు 10.74 లక్షలయ్యింది. ఆర్నెల్లలో కొత్త బండే రెండు లక్షలు దిగితే జూన్ లో కొన్నాయన ఎంత పెట్టి కొన్నాడన్నది మార్కెట్ కి అక్కర్లేదు. ఇదే ఐదు డోర్ల జిమ్నీని 2025 జనవరిలో జపాన్ లో నోమేడ్ పేరుతో అమ్మకానికి పెడితే కొద్ది రోజుల్లోనే 50 వేల ఆర్డర్లొచ్చి బుకింగ్ ఆపేశారు. ఆ వార్త చూపించి ఇక్కడ రేటు పెంచి అడిగేవాళ్ళున్నారు గానీ అక్కడి క్యూ ఇక్కడ పనిచెయ్యదు, మన దగ్గర షోరూమ్ కి వెళ్తే బండి దొరుకుతుంది కాబట్టి.

ముందు అది ఫోర్ బై ఫోరేనా

వినడానికి వింతగా ఉన్నా ఎక్కువ గందరగోళం ఇక్కడే. థార్ బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, ఫోర్ బై ఫోర్ అని రాసున్న బ్యాడ్జి విడిగా కొని అంటించుకోవచ్చు. సీ బుక్ లో క్యూబిక్ కెపాసిటీ చూడాలి. 2023 తర్వాతి డీజిల్ థార్ కి 1497 అని ఉంటే అది టూ వీల్ డ్రైవే, 2184 ఉంటే పెద్ద డీజిల్ ఇంజిన్. పెట్రోల్ లో ఈ చిట్కా పనిచెయ్యదు, 1997 సీసీ రెండు రకాల్లోనూ ఉంది, అక్కడ గేరు లివర్ పక్కన రెండో లివర్ ఉందో లేదో కళ్ళతో చూసుకోవాలి.

జిప్సీకి సీసీ ఇంకో విషయం బయటపెడుతుంది. పుస్తకంలో 970 ఉండి బానెట్ కింద 1300 ఇంజిన్ ఉందంటే మధ్యలో ఎవరో మార్చారు. పెద్ద ఇంజిన్ ఉంది కదా అని సంబరపడే పని కాదు. ఇంజిన్ నంబర్ పుస్తకంలో ఎక్కించకపోతే ట్రాన్స్‌ఫర్ దగ్గర, ఫిట్‌నెస్ దగ్గర, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర మూడు చోట్లా ఆగుతుంది.

వాడినా పాడవుతుంది, వాడకపోయినా పాడవుతుంది

ఈ బళ్ళలో ఉన్నది పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్. మామూలుగా వెనక చక్రాలకే పవర్ పోతుంది, లివర్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు ముందు యాక్సిల్ ని కూడా కలుపుతుంది. ముందుకీ వెనక్కీ మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి కదా, మట్టిలో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది, ఆరిన తారు రోడ్డు మీద జారే వీలు లేక ఆ మెలి అంతా షాఫ్టుల్లో, గేర్లలో బిగుసుకుంటుంది. ఇది తెలియక ఘాట్ రోడ్డు కదా, గ్రిప్పు బావుంటుంది కదా అని ఫోర్ హై (4H, నాలుగు చక్రాలకీ పవర్, మామూలు వేగం) లో పెట్టి పైనుంచి కిందదాకా నడిపేవాళ్ళుంటారు, దాని ఖర్చు మాత్రం తర్వాత కొన్నవాళ్ళు కడతారు.

అసలు వాడని బండి కూడా మంచిదని చెప్పలేం. "రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఫోర్ బై ఫోర్ వెయ్యలేదండి" అనే మాట అమ్మేటప్పుడు గొప్పగా చెప్తారు. ముందు యాక్సిల్ తిరక్కపోతే లోపల ఆయిల్ అన్ని చోట్లకీ అందదు, లింకులు పట్టేస్తాయి. చాలా జిప్సీలకి ముందు హబ్ లు (చక్రాన్ని యాక్సిల్ కి కలిపే తాళాలు) చేత్తో తిప్పి లాక్ చెయ్యాలి, ఏళ్ళ తరబడి ముట్టుకోకపోతే ఆ డయల్ తుప్పుతో బిగుసుకుపోయి తిరగదు. జిమ్నీలో హబ్ లు వ్యాక్యూమ్ తో లాక్ అవుతాయి, ఆ సన్న పైపు ఎక్కడైనా పగిలితే లివర్ మామూలుగానే పడుతుంది గానీ ముందు చక్రాలు లాగవు.

అందుకని టెస్ట్ డ్రైవ్ తారు రోడ్డు మీద ఎంత దూరం చేసినా అసలు సంగతి తెలియదు. ఖాళీ మట్టి గ్రౌండ్ కి తీసుకెళ్ళాలి. ఫోర్ హై వేసి, డాష్ మీద లైటు వెలిగాక, స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పితే బండి కొంచెం ఈడ్చుకుంటూ, ఎవరో పట్టి ఆపుతున్నట్టు కదలాలి. అలా లేకుండా హాయిగా తిరిగిందంటే ముందు యాక్సిల్ కలవలేదని అనుమానించాలి. ఇంకో మనిషి బయట నిలబడి, వదులు మట్టిలో బయల్దేరేటప్పుడు ముందు టైర్లు కూడా మట్టి తవ్వుతున్నాయా లేదా చూడాలి. తర్వాత బండి ఆపి న్యూట్రల్ లో పెట్టి ఫోర్ లో (4L) వెయ్యాలి, లివర్ తో కుస్తీ పడాల్సి రాకూడదు. మళ్ళీ టూ హై (2H, వెనక చక్రాలకే పవర్) కి వచ్చి కొంచెం ముందుకీ వెనక్కీ కదిలిస్తే లైటు ఆరిపోవాలి.

ఆ తర్వాత బండి కిందకి దూరాలి. జిప్సీకి, జిమ్నీకి ముందు రెండు చక్రాలనీ కలిపే గట్టి యాక్సిల్ ఉంటుంది, చక్రం లోపలి వైపు కొబ్బరికాయంత గుండ్రటి ఇనప బంతి కనపడుతుంది. అది పొడిగా ఉండాలి. దాని మీద గ్రీజు, దుమ్ము కలిసి నల్లటి ముద్దలా పేరుకుని ఉంటే సీలు పోయినట్టే. సీలు ఖరీదు పెద్దది కాదు, కానీ అది మార్చడానికి విప్పితే కింగ్ పిన్ (చక్రం పక్కకి తిరిగే చోటి) బేరింగులు కూడా అరిగాయని తేలుతుంది చాలాసార్లు, ముందువైపు వణుకు చాలావరకు అక్కడే మొదలవుతుంది. గంటకి 70 మీద పోతుంటే చిన్న గుంత తగలగానే స్టీరింగ్ ఊరికే అటూ ఇటూ కొట్టుకోవడం మొదలై, బండి దాదాపు ఆగేదాకా ఆగదు. వీల్ బ్యాలెన్సింగ్ చేయిస్తే పోతుందంటారు గానీ బేరింగులు, టై రాడ్ చివర్లు, బుష్ లు చూడకుండా అది పోదు. పెద్ద టైర్లు వేసిన బండిలో ఇంకా తొందరగా వస్తుంది. 2020 తర్వాతి థార్ కి ముందు సస్పెన్షన్ విడివిడిగా ఉంటుంది, దానికి ఈ జబ్బు కాదు, ఆర్మ్ బుష్ లు, షాఫ్ట్ రబ్బరు బూట్లు చిరగడం చూసుకోవాలి.

నీళ్ళు, ఉప్పు గాలి

వాగులో దిగడం ఈ బళ్ళకి మామూలే అంటారు, నిజమే, కాకపోతే ఒక లెక్క ఉంది. చాలాసేపు నడిచి వేడెక్కిన యాక్సిల్ ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది, గాలి రావడానికి పెట్టిన బ్రీదర్ పైపు బురదతో మూసుకుపోయి ఉంటే ఆ ఖాళీ నింపడానికి సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు లోపలికొస్తాయి. తెలిసిన మెకానిక్ డిఫరెన్షియల్ ఫిల్లర్ ప్లగ్ విప్పి చిటికెన వేలు లోపల పెట్టి తీస్తాడు. వేలికి తేనె రంగు ఆయిల్ అంటితే బావున్నట్టు, పాలు కలిపిన టీ రంగులో వస్తే నీళ్ళు పోయినట్టు, రెండు వేళ్ళ మధ్య రుద్దితే వెండి పొడిలా మెరిస్తే పళ్ళు అరుగుతున్నట్టు. ఐదు నిమిషాల పని, దీనికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బేరం అక్కడితో ఆపెయ్యడం మంచిది.

వరదలో మునిగిన బండి పూర్తిగా వేరే సంగతి. 2020 అక్టోబర్ హైదరాబాద్ వరదల్లో, 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు మునిగినప్పుడు కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలాంటి బళ్ళు కడిగి, సీట్లు మార్చి మళ్ళీ మార్కెట్లోకి వస్తాయి. థార్ అయితే బురద ఆనవాళ్ళు చూపించినా "ఆఫ్ రోడ్ కి వెళ్ళాం కదండి" అనే జవాబు రెడీగా ఉంటుంది, అదే ఇబ్బంది. ఆఫ్ రోడ్ బురద కింద నుంచి పైకి చిమ్మినట్టు ఉంటుంది, వరద బురద మాత్రం ఒకే ఎత్తులో గీత గీసినట్టు ఉంటుంది. సీటు బెల్టు చివరంటా లాగితే లోపల దాక్కున్న భాగం మీద ఆ గీత దొరుకుతుంది. డాష్ కింద వైర్ల కనెక్టర్లలో పచ్చగా పట్టిన పొడి ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పు గాలికి జిప్సీలు ఎక్కువ దెబ్బతింటాయి. మ్యాట్ ఎత్తి ఫ్లోర్, ముందు అద్దం ఫ్రేమ్ అడుగు, బాడీ ఛాసిస్ మీద కూర్చునే చోట్లు స్క్రూ డ్రైవర్ వెనక భాగంతో తట్టి చూడాలి, ఖంగుమనకుండా మెత్తగా వినిపిస్తే పెయింటు కింద పుట్టీ ఉంది. ఒకప్పుడు ఏపీ 31 అంటే విశాఖ బండి అని నంబర్ చూసి చెప్పగలిగేవాళ్ళు, 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి 39 సిరీస్ పెట్టాక ఆ వీలు లేదు, అడ్రస్ అడిగి తెలుసుకోవాల్సిందే.

పక్క రాష్ట్రం బండి, పాత బండి

ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బళ్ళ మీద ఆంక్షలు మొదలైనప్పటి నుంచి అక్కడి బళ్ళు ఎన్‌ఓసీ (వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదన్న కాగితం) తీసుకుని చవగ్గా దక్షిణానికి రావడం మొదలైంది. రేటు చూస్తే లక్షన్నర తక్కువ కనపడుతుంది. ఇక్కడికొచ్చాక లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. తెలంగాణలో 10 నుంచి 20 లక్షల మధ్య కొత్త కారుకి లైఫ్ ట్యాక్స్ 2025లో పెంచేదాకా 17 శాతం ఉండేది. బయటి రాష్ట్రం బండికి వయసు పెరిగేకొద్దీ ఆ శాతం తగ్గుతుంది గానీ లెక్క కట్టేది బండి కొత్తప్పటి రేటు మీద, ఇప్పుడు కొన్న రేటు మీద కాదు. అక్కడ కట్టిన పన్ను వాపసు కోసం అక్కడి ఆర్టీఓ చుట్టూ తిరగాలి. ఇవన్నీ కలుపుకుంటే లక్షన్నర తేడాలో మిగిలేది కొంచెమే, ఒక్కోసారి అదీ ఉండదు.

15 ఏళ్ళు దాటిన బండికి ఆర్సీ రెన్యువల్ ఫీజు 5 వేలుండేది, 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకి 10 వేలు చేశారు, జీఎస్టీ విడిగా. రోడ్డు మీదున్న జిప్సీల్లో చాలావాటికి ఇది తగులుతుంది, గ్రీన్ ట్యాక్స్ అదనం. రెన్యువల్ అయిపోయిన జిప్సీకి, ఇంకా చేయించాల్సిన జిప్సీకి రేటులో తేడా ఉండటం అందుకే న్యాయం. రెండోదాంట్లో ఫీజు చిన్న విషయం, ఫిట్‌నెస్ లో పాసవుతుందా లేదా అన్నదే పెద్ద విషయం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా మార్పులు చెయ్యకూడదు, బుల్ బార్ల మీద 2017 చివర్లోనే కేంద్రం రాష్ట్రాలకి రాసింది. లిఫ్ట్ కిట్టు, పక్కకి పొడుచుకొచ్చే టైర్లు, ఇనప బంపర్ పెట్టడానికి ఓనర్ పెట్టిన లక్ష కొనేవాళ్ళకి లక్ష విలువ కాదు, ఒరిజినల్ పార్టులు కూడా ఇస్తున్నారా అని అడగాలి.

కన్సల్టెన్సీ (సెకండ్ హ్యాండ్ బళ్ళ డీలర్) దగ్గర కొంటే

2024 డిసెంబర్ లో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం తర్వాత పాత కార్ల మీద 18 శాతం అనగానే మొత్తం రేటు మీద అని చాలామంది భయపడ్డారు. అది రిజిస్టర్డ్ డీలర్ కి వచ్చే మార్జిన్ మీద మాత్రమే. 9 లక్షలకి కొని 9.8 లక్షలకి అమ్మితే 80 వేల మీద 18 శాతం, అంటే 14,400. ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకానికి జీఎస్టీ లేదు.

2023 ఏప్రిల్ నుంచి ఇంకో మంచి రూల్ ఉంది. ఆథరైజ్డ్ డీలర్ కి బండి అప్పగిస్తున్నట్టు ఫారం 29సీ ద్వారా రవాణా శాఖకి తెలియజేస్తే అక్కడినుంచి ఆ బండి బాధ్యత డీలర్ దే. ఆ పర్మిషన్ ఉందా అని కన్సల్టెన్సీలో అడిగేవాళ్ళు చాలా తక్కువ, అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ఆ దారి కాకపోతే మిగిలేది తేదీ వెయ్యని ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, కొత్త పార్టీ దొరికేదాకా బండి పాత పేరు మీదే తిప్పే పద్ధతి.

అమ్మేవాళ్ళు దేనికి భయపడాలి

2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పొకటి ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. 2007లో అమ్మేసిన కారు వరసగా చేతులు మారింది, 2009లో ప్రమాదం జరిగి ప్రాణం పోయింది, అప్పటికీ ఆర్సీలో మొదటి ఓనర్ పేరే ఉంది. నేనెప్పుడో అమ్మేశానన్న వాదన నిలబడలేదు, ఆర్సీలో పేరున్నవాళ్ళే ఓనర్, నష్టపరిహారం బాధ్యత వాళ్ళదే అని కోర్టు తేల్చింది. ఈ రిస్క్ ఏ కారుకైనా ఉన్నదే గానీ గుట్టలెక్కడానికి, పదిమందిని ఎక్కించుకుని వ్యూ పాయింట్ కి తీసుకెళ్ళడానికి, సెల్ఫ్ డ్రైవ్ అద్దెకి తిప్పే బండికి ఇంకా ఎక్కువ.

చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్ళు 14 రోజుల్లో, వేరే రాష్ట్రం వాళ్ళకి అయితే 45 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాళ్ళు 30 రోజుల్లో. పేరు మార్పు ఫారాలు 29, 30 మీద తేదీ, కొన్నవాళ్ళ పేరు నింపాకే సంతకం పెట్టాలి. ఫైనాన్స్ ఉంటే బ్యాంక్ ఎన్‌ఓసీ, లోన్ తీరిందన్న ఫారం 35 ముందే తెచ్చిపెట్టుకుంటే బేరంలో బలం వస్తుంది, లేదంటే ఆ పేరు చెప్పి ఇరవై ముప్పై వేలు కోస్తారు. డెలివరీ నోట్ లో తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాయాలి, ఆ సాయంత్రమే చలానా పడితే ఎవరిదో తేలడానికి.

ఇన్సూరెన్స్ లో థర్డ్ పార్టీ భాగం బండితో పాటు కొన్నవాళ్ళకి వెళ్తుంది, వాళ్ళు 14 రోజుల్లో కంపెనీకి అప్లై చెయ్యాలి. సొంత బండి డ్యామేజి భాగం అలా దానంతటదే వెళ్ళదు, ఈలోపు బండి బోల్తా కొడితే క్లెయిమ్ ఆగిపోతుంది. నో క్లెయిమ్ బోనస్ మాత్రం మనిషిది, బండిది కాదు. గరిష్ఠంగా 50 శాతం దాకా ఉండే ఆ బోనస్ కి ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే మూడేళ్ళలోపు కొనే కొత్త బండి పాలసీకి వాడుకోవచ్చు. పాలసీ కొన్నవాళ్ళ పేరుకి మారకముందే ఆ లెటర్ అడగాలి, ఫాస్టాగ్ కూడా బండి ఇచ్చే రోజే క్లోజ్ చెయ్యాలి.